ఇంట్లోనే క్యామ్ మార్చుకుందాం, 4వ పాఠం: పిస్టన్‌కీ వాల్వ్‌కీ మధ్య ఖాళీ ఎంత?

పోయిన పాఠంలో డిగ్రీ వీల్ (క్రాంక్ ఎన్ని డిగ్రీలు తిరిగిందో చూపే చక్రం) బిగించి అసలైన టీడీసీ (పిస్టన్ అన్నిటికంటే పైన ఉండే చోటు) పట్టుకున్నాం కదా, ఆ వీల్‌ని అలాగే ఉంచండి, ఈరోజు దానితోనే పని. మన ఇంజిన్ అదే రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650, బోర్ (సిలిండర్ వెడల్పు) 78, స్ట్రోక్ (పిస్టన్ ప్రయాణం) 67.8 మిల్లీమీటర్లు, సిలిండర్‌కి నాలుగు వాల్వులు. వాల్వుల్ని తెరిచే క్యామ్‌లో లిఫ్ట్ (వాల్వు ఎంత లోతుకి తెరుచుకుంటుందో అది) పెంచాం, హెడ్డులో పెద్ద వాల్వులు వేయించాం, హెడ్డు ఫేస్ కూడా కొంచెం కోయించాం, ఇన్ని చేశాక వాల్వు పిస్టన్‌కి దగ్గరవకుండా ఎలా ఉంటుంది చెప్పండి.

చాలామంది టీడీసీలో పెట్టి చూసి, తగలట్లేదుగా అని మూసేస్తారు. గండం అక్కడ లేదు. ఎగ్జాస్ట్ అయిపోతూ ఇన్‌టేక్ మొదలయ్యే ఓవర్‌లాప్‌లో (రెండు రకాల వాల్వులూ కాస్త తెరిచి ఉండే సమయం) ఉంది. టీడీసీ దాటి 10 డిగ్రీలు తిరిగినా పిస్టన్ ఒక మిల్లీమీటరు కూడా దిగదు, ఇన్‌టేక్ వాల్వు మాత్రం అప్పటికే పరుగు అందుకుంటుంది. ఎగ్జాస్ట్‌ది దీనికి తిరగేసిన కథ, టీడీసీకి ఓ 10 డిగ్రీల ముందు అది మూసుకుంటూ పోతుంటే వెనకాలే పిస్టన్ తరుముకొస్తుంది, స్ప్రింగ్ కాస్త నెమ్మదించిందా దొరికిపోతుంది. పైగా వేడికి సాగుతుంది కూడా, అందుకే దానికి ఖాళీ ఎక్కువ వదులుతాం.

ఇక పని. పిస్టన్ మీద క్లే పరిచి, వాల్వు అచ్చు పడనిచ్చి, నలగ్గా మిగిలిన మందం కొలుస్తాం, ఆ మందమే మన ఖాళీ. పిల్లలు ఆడుకునే క్లే చాలు, బేగంబజార్‌లో ఏ బొమ్మల షాపులోనైనా దొరుకుతుంది. మందం కొలిచే వెర్నియర్ లేకపోతే రాణిగంజ్ వెళ్లండి, మరీ చవకది మాత్రం వద్దు. హెడ్డు తీసి, పిస్టన్ మీద మసి తుడిచి, వాల్వు పాకెట్ల (వాల్వుల కోసం పిస్టన్ తలలో ఉన్న గుంటలు) మీద 6 మిల్లీమీటర్ల మందాన క్లే పరచండి. క్లే పైన, వాల్వు ముఖాలకి కాస్త ఇంజిన్ ఆయిల్ రాయండి. నేను మొదటిసారి రాయలేదు, హెడ్డు ఎత్తగానే క్లే మొత్తం వాల్వుకి అంటుకుని పైకొచ్చింది, అచ్చు పోయింది, మళ్లీ మొదటికి.

పాత గ్యాస్కెట్టే వేయండి, అది ఆల్రెడీ నలిగి ఉంటుంది కాబట్టి కొత్తదాన్ని వేస్ట్ చేయక్కర్లేదు, కొత్త గ్యాస్కెట్ మందం వేరైతే ఆ తేడా మాత్రం లెక్కలో వేసుకోండి. హెడ్డు టార్క్ చేసి, టైమింగ్ మార్కులు కలిపి, చైన్ టెన్షనర్ (క్యామ్‌ని తిప్పే చైన్‌ని బిగువుగా పట్టేది) కచ్చితంగా పెట్టి, టాపెట్ గ్యాప్ (వాల్వుకీ దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య సందు) జీరోకి తెచ్చి, ప్లగ్గులు తీసేసి క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి రౌండ్లు తిప్పండి. సెల్ఫ్ అస్సలు కొట్టకండి! నేనోసారి టెన్షనర్ తర్వాత పెడదాంలే అనుకున్నా, చైన్ ఒక పన్ను జారింది, వాల్వు క్లేని చీల్చుకుని పిస్టన్‌కి ఆనింది. స్పానర్ చటుక్కున ఆగిపోయింది, ఆ ఆగడం చేతికి తెలుస్తుంది. అక్కడ బలం పెట్టారంటే వాల్వు వంగినట్టే.

హెడ్డు తీశాక క్లేని సన్నని బ్లేడుతో మెల్లగా లేపండి. మే నెలలో మన ఊళ్లో అది హల్వాలా ఉంటుంది, కోస్తే సాగుతుంది, అందుకే ప్లేట్‌లో పెట్టి ఓ పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచండి (ఇంట్లోవాళ్లకి ముందే చెప్పండి, మా అమ్మ పిండిముద్ద అనుకుంది). గట్టిపడ్డాక అచ్చు మధ్యలోంచి కోసి, అన్నిటికంటే పల్చగా ఉన్నచోట కొలవండి. మామూలుగా ఇన్‌టేక్‌కి 2 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 2.5 ఉండాలి, క్యామ్‌తో వచ్చిన కాగితంలో వేరే నంబర్ ఉంటే అదే ఫైనల్. వాల్వు అంచు చుట్టూ కూడా చూడండి, అక్కడ 1.2 కంటే తగ్గకూడదు, పెద్ద వాల్వులు వేసినప్పుడు చాలాసార్లు తగిలేది ఆ అంచే, లోతు కాదు.

తక్కువ వస్తే? క్యామ్‌ని కాస్త రిటార్డ్ చేస్తే, అంటే వాల్వులు ఆలస్యంగా కదిలేలా జరిపితే, ఇన్‌టేక్‌కి చోటు వస్తుంది, కానీ అదే చోటు ఎగ్జాస్ట్ దగ్గర పోతుంది. మందం గ్యాస్కెట్ వేస్తే రెండింటికీ పెరుగుతుంది, కంప్రెషన్ తగ్గుతుంది, హెడ్డు కోయించిన డబ్బులు బూడిదలో పోసినట్టే. పాకెట్లు లోతు చేయించడం నా దృష్టిలో సరైన దారి, అయితే పిస్టన్ తల కింద ఎంత లోహం మిగులుతుందో కొలవకుండా మెషిన్ మీద పెట్టనివ్వకండి.

రెండో సిలిండర్‌కి కూడా ఇదంతా మళ్లీ చేయాలి, బద్ధకించొద్దు. ఎనిమిది అచ్చుల కొలతలూ విడివిడిగా రాసుకోండి, వచ్చే పాఠంలో మెత్తటి స్ప్రింగులు వేసి డయల్ గేజ్‌తో అవే నంబర్లు వస్తాయో లేదో చూద్దాం. అప్పటిదాకా ఆ పాత గ్యాస్కెట్ పారేయకండి.