అమ్మాయిలు ఐస్ హాకీనే కెరీర్‌గా తీసుకోవాలంటే ఏం చెయ్యాలి

ముందు లెక్క చూద్దాం. ఉత్తర అమెరికాలో ఆడవాళ్లకి ఇప్పుడున్న ప్రొఫెషనల్ లీగ్ పీడబ్ల్యూహెచ్‌ఎల్, 2024 జనవరి 1న టొరంటోలో మొదటి మ్యాచ్ జరిగింది, అప్పుడు 6 టీమ్‌లు, 2025-26 సీజన్‌కి వాంకూవర్, సియాటెల్ వచ్చి 8 అయ్యాయి. టీమ్‌కి 23 మంది, అంటే ఆ సీజన్ లెక్కన మొత్తం 184 సీట్లు. వాటికోసం కెనడా, అమెరికానే కాదు ఫిన్లాండ్, చెక్, స్వీడన్ అమ్మాయిలు కూడా పోటీపడతారు. భయపెట్టడానికి చెప్పట్లేదు, ఇంత తక్కువ సీట్లున్నప్పుడు దేని మీద టైమ్ పెట్టాలో ముందే తెలియాలి కదా అని.

నన్నడిగితే మొదటి పదేళ్లూ స్కేటింగే. గోల్స్ ఎన్ని కొట్టిందని అందరూ అడుగుతారు కానీ సెలెక్షన్‌లో కూర్చునేవాళ్లు చూసేది కాళ్లని. రెండువైపులా ఒకేలా ఆగగలగాలి, చాలామంది పిల్లలు ఒకవైపు బాగా ఆగి రెండోవైపుకి వచ్చేసరికి చుట్టు తిరిగి తప్పించుకుంటారు, అది అలాగే ఉండిపోతే పదహారేళ్లకి సరిచెయ్యడం చాలా కష్టం. వెనక్కి స్కేట్ చెయ్యడం, వెనక్కి వెళ్తూనే ముందుకి తిరగడం, పక్ (ఆటలో కొట్టే గుండ్రటి రబ్బరు బిళ్ల) కాళ్ల దగ్గర ఉన్నా తలెత్తి చూడటం, ఇవి రోజూ చెయ్యాల్సినవే.

బ్లేడ్ సంగతి కూడా చెప్తాను, దీన్ని ఎవరూ పట్టించుకోరు. పదును పెట్టించాక స్కేట్‌ని తిరగేసి బ్లేడ్ మీద అడ్డంగా ఒక నాణెం పెట్టి చూడండి, నాణెం ఒకవైపుకి వాలిందంటే రెండు అంచులూ సమానంగా లేవన్నట్టు, అలాంటి బ్లేడ్‌తో ఆడితే ఒక కాలు జారుతుంది, అమ్మాయేమో తన ఆటే బాలేదనుకుంటుంది. ఆట అయ్యాక బ్లేడ్‌ని బట్టతో తుడిచి ఆరబెట్టాలి, తడిగా ఉండగానే గట్టి ప్లాస్టిక్ గార్డ్ తొడిగి బ్యాగ్‌లో పడేస్తే తుప్పు పడుతుంది.

చిన్నప్పుడు అబ్బాయిల టీమ్‌లో ఆడించాలా అంటే, వీలుంటే ఆడించండి, స్పీడ్ అలవాటవుతుంది. కానీ 13, 14 ఏళ్లకి అబ్బాయిల ఆటలో బాడీ చెక్, అంటే పక్ ఉన్నవాళ్లని ఒంటితో గుద్ది ఆపడం, మొదలవుతుంది, చాలామంది అమ్మాయిలు అప్పుడే అమ్మాయిల టీమ్‌కి మారతారు. అక్కడ బాడీ చెక్ ఉండదు, మళ్లీ పీడబ్ల్యూహెచ్‌ఎల్‌కి వస్తే ఉంటుంది, అందుకని దెబ్బ తీసుకోవడం మధ్యలో మర్చిపోకూడదు. బోర్డుకి, అంటే రింక్ చుట్టూ ఉండే గోడకి, మూడు నాలుగు అడుగుల దూరంలో ఉండగా వెనక నుంచి తగిలితే తలే ముందు గుద్దుకుంటుంది, పక్ కోసం అక్కడికి వెళ్తే బోర్డుకి పూర్తిగా ఆనుకుని మోకాళ్లు వంచి తల పైకే ఉంచాలి, తల దించడం అస్సలు వద్దు.

తర్వాత కాలేజీ. లీగ్‌లో ఎక్కువమంది వచ్చిన దారి అమెరికాలో కాలేజీల ఆటలు నడిపే ఎన్‌సీఏఏనే, కెనడాలో అలాంటిదే యూ స్పోర్ట్స్ కూడా ఉంది. స్కాలర్‌షిప్ అనగానే అన్ని చోట్లా ఇస్తారనుకోవద్దు, ఎన్‌సీఏఏలో కింది స్థాయి అయిన డివిజన్ 3 కాలేజీలూ, హార్వర్డ్ లాంటి ఐవీ లీగ్ కాలేజీలూ ఆట కోసమని డబ్బు ఇవ్వవు. కోచ్‌లకి మెయిల్ అమ్మాయే రాయాలి, అమ్మానాన్నలు కాదు. వీడియో పంపితే గోల్స్ మాత్రమే ఏరి పెట్టకండి, పక్ తన దగ్గర లేనప్పుడు ఏం చేస్తోందో కనిపించే షిఫ్ట్‌లు (ఒకసారి మంచు మీదికి దిగి మళ్లీ బెంచ్‌కి వచ్చేదాకా ఆడే ఆట) మొత్తంగా రెండు మూడు పెట్టండి. ఏ కాలేజీ అన్నప్పుడు పేరు కంటే మంచు మీద ఎంతసేపు ఉంటుందో చూడండి, పెద్ద టీమ్‌లో మూడేళ్లు బెంచ్ మీద కూర్చుంటే డ్రాఫ్ట్‌లో, అంటే లీగ్ టీమ్‌లు వంతులవారీగా కొత్త ప్లేయర్లని ఎంచుకునేచోట, అడిగేవాళ్లుండరు.

డ్రాఫ్ట్ కూడా చిన్నదే, 2024లో 7 రౌండ్లు, 42 మందిని తీసుకున్నారు అంతే. పేరు రాకపోతే అయిపోయినట్టు కాదు, క్యాంప్‌కి పిలుపు రావచ్చు, రిజర్వ్ ప్లేయర్‌గా దొరకొచ్చు, లేదంటే స్వీడన్‌లో ఆడవాళ్ల పెద్ద లీగ్ ఎస్‌డీహెచ్‌ఎల్ ఉంది, అక్కడ ఒక సీజన్ ఆడి వచ్చినా తిరిగి చూస్తారు.

డబ్బు దగ్గర మాత్రం కళ్లు తెరుచుకుని ఉండండి. మొదటి సీజన్‌లో కనీస జీతం 35,000 అమెరికన్ డాలర్లు, ప్రతి టీమ్‌లో కనీసం ఆరుగురికి 80,000 లేదా అంతకంటే ఎక్కువ ఇవ్వాలని ఒప్పందం, 2031 దాకా నడిచే ఆ ఒప్పందంలో ఏటా 3 శాతం పెంపు ఉంది. టొరంటో, బోస్టన్ లాంటి చోట 35,000తో అద్దె కట్టి బతకడం మాటలు కాదు. అయినా ఇది ఎంత మార్పో పాతవాళ్లకి తెలుసు, కెనడాలో అంతకుముందున్న సీడబ్ల్యూహెచ్‌ఎల్‌లో చాలా ఏళ్లు జీతమే లేదు, ఒలింపిక్ మెడల్ ఉన్నవాళ్లు కూడా పగలు ఉద్యోగం చేసి రాత్రి ప్రాక్టీస్‌కి వచ్చేవాళ్లు, ఆ లీగ్ 2019లో మూతపడింది.

అందుకే చదువు. కెనడా ప్లేయర్ హేలీ వికెన్‌హైజర్‌కి నాలుగు ఒలింపిక్ గోల్డ్‌లున్నాయి, ఆట ఆపాక మెడిసిన్ చదివి 2021లో డాక్టర్ అయింది. కాలేజీలో నాలుగేళ్లు ఉన్నప్పుడు హాకీకి అడ్డం రాని తేలిక సబ్జెక్ట్ ఏదో ఒకటి అని తీసుకోకుండా ఆట తర్వాత నిజంగా చెయ్యాలనుకున్నదే తీసుకోండి. కాంట్రాక్ట్ చేతికొచ్చినప్పుడు ఎన్నేళ్లు, గాయమైతే జీతం వస్తుందా, టీమ్ మారిస్తే సామాను ఖర్చు ఎవరిది అని ఒక్కొక్క పేజీ చదివి, అర్థం కానిచోట ప్లేయర్స్ యూనియన్‌ని అడిగాకే సంతకం పెట్టండి.