పాత పేపర్లలో విశాఖను వెతకాలంటే

ముందే చెప్తున్నా, సెర్చ్ బాక్స్‌ని నమ్ముకోకండి. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ వాళ్లు స్కాన్ చేసి పెట్టిన పాత ఆంధ్రపత్రికలాంటివి ఆన్‌లైన్‌లో చూడొచ్చు కానీ అరసున్నలు, బండి ఱలు ఉన్న ఆ అచ్చు కంప్యూటర్‌కి ఓ పట్టాన కొరుకుడు పడదు. పైగా మనం 'విశాఖపట్నం' అని కొడతాం, అక్కడేమో 'విశాఖపట్టణము' అనో 'వాల్తేరు' అనో ఉంటుంది.

అందుకే తేదీ పట్టుకుని వెళ్లండి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు మన ఊరి మీద బాంబులు వేశాయి కదా, ఆ రోజు పేపర్ తీస్తే ఏముంటుంది? కబురు మద్రాసు చేరి అచ్చయ్యేసరికి తేదీ మారిపోతుంది, 7 నుంచి ఓ వారం తిరగేయండి. షిప్‌యార్డులో 'జల ఉష' ఓడను నెహ్రూ నీళ్లలోకి దింపిన 1948 మార్చి 14కీ ఇదే లెక్క. తెలుగు సంవత్సరం పేరొక్కటే ఉన్న ముక్క దొరికితే తొందరపడకండి, చిత్రభాను 1942లోనూ వచ్చింది, 2002లోనూ వచ్చింది.

అసలు సరుకు పెద్ద హెడ్డింగుల కింద ఉండదు. చిన్న ప్రకటనలు, సంతాప వార్తలు, ఊళ్ల కబుర్లు చదవండి. ఓసారి ఒకాయన జీవిత విశేషాల్లో 'వారములు చేసికొని చదివిరి' అని కనిపిస్తే వారం జీతానికి పనిచేశాడేమో అనుకున్నా. మా మామ్మ నవ్వి, "జీతం కాదురా, తిండి! సోమవారం ఒకరింట్లో, మంగళవారం ఇంకొకరింట్లో... అలా ఏడిళ్లు మాట్లాడుకుని చదువుకునేవారు" అంది. డిక్షనరీ కంటే ముందు ఇంట్లో పెద్దాళ్లని అడగండి, మనుషులుండగానే.

ధర 0-8-0 అని ఉంటే ఎనిమిది అణాలు, అంటే అర్ధరూపాయి. మొదటిది రూపాయలు, మధ్యలోది అణాలు, చివరిది పైలు. అణాకి పన్నెండు పైలు, రూపాయికి పదహారణాలు.

ఆంధ్రా యూనివర్సిటీ లైబ్రరీకో పౌర గ్రంథాలయానికో వెళ్తే పాత సంపుటాలు ఏమున్నాయో ముందు కనుక్కోండి. ఆ కాగితం మడత పెడితే విరుగుతుంది, కాబట్టి రెండు చేతులతో తిప్పాలి, పెన్ను బయటికి తీయకూడదు. ఫొటో తీసేముందు పత్రిక పేరు, తేదీ కనిపించేలా మొదటి పేజీ ఒకటి తీసుకోండి. నేనది చేయక, నా ఫోన్లో ఓ జుట్టు నూనె ప్రకటన అనాథలా పడి ఉంది. ధర అణాల్లో ఉంది, నయాపైసలు వచ్చింది 1957లో, కాబట్టి అంతకు ముందుదే అయ్యుంటుంది.