తక్కువ ధరలో సోల్డరింగ్ స్టేషన్ కొనేముందు

హాబీకి సోల్డరింగ్ స్టేషన్ (వేడిని సర్దుకునే వీలున్న సోల్డరింగ్ ఐరన్ సెట్టు) కొనాలనుకుంటే వాట్ల కంటే ముందు బిట్ (సోల్డర్‌ని కరిగించే ముందు భాగం) సంగతి చూడండి. స్టేషన్ ఏళ్ల తరబడి పనిచేసినా బిట్ అరిగిపోతుంది, దానికి సరిపోయే బిట్ దొరక్కపోతే మొత్తం సెట్టు మూలన పడాల్సిందే.

చవకలో రెండు దారులున్నాయి. ఒకటి హక్కో కంపెనీ 936 మోడల్ తరహావి, వీటికి పట్టే 900ఎం బిట్లు చవక, తేలిగ్గా దొరుకుతాయి. హైదరాబాద్‌లో ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో అడిగి చూడండి. రెండోది టీ12 రకం. హీటరూ సెన్సరూ బిట్‌లోనే ఉంటాయి కాబట్టి సెకన్లలో వేడెక్కుతుంది, సర్క్యూట్ బోర్డులో వేడిని లాగేసే పెద్ద గ్రౌండ్ ప్యాడ్ (వెడల్పాటి రాగి భాగం) మీద పెట్టినా త్వరగా చల్లబడదు. బిట్ ధర కాస్త ఎక్కువే, అయినా నా ఓటు దీనికే.

ఎర్త్ విషయంలో మాత్రం అస్సలు రాజీపడొద్దు. మూడు పిన్నుల ప్లగ్ ఉండాలి, కొన్నరోజే ప్లగ్ సాకెట్లో పెట్టకుండా బిట్ కొనకీ ఎర్త్ పిన్నుకీ మధ్య మల్టీమీటర్‌తో కొలిచి చూడండి, రెండు మూడు ఓమ్‌లు దాటి చూపించినా, అసలు కనెక్షనే లేకపోయినా వెనక్కి ఇచ్చేయండి, ఎందుకంటే అలాంటిది మాస్‌ఫెట్ల (ఒక రకం ట్రాన్సిస్టర్లు) లాంటి సున్నితమైన పార్టులను పాడుచేయగలదు.

480 డిగ్రీలు వస్తుందని డబ్బా మీద రాస్తే మురిసిపోకండి. 60/40 లెడ్ సోల్డర్ (60 శాతం తగరం, 40 శాతం సీసం) 190 డిగ్రీల లోపే కరుగుతుంది, 330-350 పెట్టుకుంటే చాలు. సూది బిట్ బదులు 2 మి.మీ. చిజెల్ బిట్ (ఉలిలా చదునైన కొన ఉన్నది) తీసుకోండి. మిగిలిన డబ్బుతో మంచి సోల్డర్, ఫ్లక్స్ (సోల్డర్ బాగా అంటుకునేలా చేసేది), బిట్ తుడవడానికి ఇత్తడి పీచు కొనండి.