పారామెడిక్ కావాలంటే: బాధ్యతలు, శిక్షణ, కోర్సు ఎంపిక

అంబులెన్స్‌లో వచ్చేవారందరూ ఒకే పని చేస్తారని బయటినుంచి చూసేవారికి అనిపిస్తుంది. నిజానికి ఆ వాహనంలో ఎవరు ఏ చికిత్స చేయవచ్చో, ఏ మందు ఇవ్వవచ్చో, ఎక్కడ ఆగి డాక్టరు అనుమతి అడగాలో ముందే నిర్ణయమై ఉంటుంది. ఈ రంగంలోకి రావాలనుకునేవారు కోర్సుల వివరాలు చూసే ముందు ఆ హద్దులను తెలుసుకోవాలి. ఎంతకాలం చదవాలి, ఎంత బాధ్యత మోయాలి అన్నది వాటిని బట్టే తేలుతుంది.

మొదటి మెట్టు ఫస్ట్ రెస్పాండర్. అగ్నిమాపక సిబ్బంది, పోలీసులు, స్వచ్ఛంద సేవకులు ఈ స్థాయి శిక్షణ పొందుతుంటారు. రక్తస్రావాన్ని ఆపడం, శ్వాసమార్గాన్ని తెరిచి ఉంచడం, గుండె ఆగినవారికి ఛాతీని నొక్కుతూ సీపీఆర్ చేయడం, గుండెకు విద్యుత్ షాక్ ఇచ్చే ఆటోమేటిక్ డీఫిబ్రిలేటర్‌ను వాడటం వారి పని. ఆ పైది ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్, వాడుకలో ఈఎంటీ. ఆక్సిజన్ ఇవ్వడం, విరిగిన ఎముక కదలకుండా కట్టు కట్టడం, తప్పనిసరైతే దారిలోనే కాన్పు చేయడం, కొద్దిపాటి మందులు ఇవ్వడం ఈఎంటీ పరిధిలోకి వస్తాయి. పారామెడిక్ బాధ్యత అంతకంటే చాలా పెద్దది. ఈసీజీ తీసి గుండెపోటును గుర్తించడం, నరం దొరకనప్పుడు మోకాలి కింది ఎముకలోకే సూది దించి మందు ఎక్కించడం, శ్వాసనాళంలో గొట్టం అమర్చడం, లయ తప్పిన గుండెను మందుతోనో షాక్‌తోనో దారికి తేవడం వంటివి చాలాచోట్ల వారే స్వయంగా, రాసిపెట్టిన ప్రొటోకాల్‌ను అనుసరించి చేస్తారు.

ఈ పనికి శిక్షణ ఎంత ముఖ్యమో దాని చరిత్రే చెబుతుంది. అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో 1967లో మొదలైన ఫ్రీడమ్ హౌస్ అంబులెన్స్ సేవ, ఉద్యోగాలు దొరకని నల్లజాతి యువకులను తీసుకుని, డాక్టర్ పీటర్ సఫార్ రూపొందించిన సుమారు 300 గంటల శిక్షణ ఇచ్చి రోగుల దగ్గరికి పంపింది. వైద్య నేపథ్యం లేనివారు కూడా సరైన శిక్షణతో ప్రాణాలు కాపాడగలరని వారు నిరూపించారు. సైన్స్ పెద్దగా చదవలేదని వెనకాడుతున్నవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

శిక్షణ వ్యవధి దేశాన్ని బట్టి మారుతుంది. అమెరికాలో ఈఎంటీ కోర్సు సుమారు 150 గంటలైతే, పారామెడిక్ శిక్షణ 1,200 గంటల వరకు, కొన్ని సంస్థల్లో అంతకు మించి ఉంటుంది. బ్రిటన్‌లో 2021 సెప్టెంబరు నుంచి ఈ వృత్తిలో నమోదుకు డిగ్రీ స్థాయి చదువు ప్రమాణమైంది. జర్మనీలో 2014 నుంచి నోట్‌ఫాల్‌సానిటేటర్ పేరుతో మూడేళ్ల శిక్షణ అమల్లో ఉంది. ఆస్ట్రేలియాలో 2018 డిసెంబరు నుంచి పారామెడిక్‌లు జాతీయ స్థాయిలో నమోదు కావడం తప్పనిసరి. ఫ్రాన్స్‌లో తీవ్రమైన కేసులకు డాక్టరే అంబులెన్స్‌లో బయలుదేరతారు కనుక అక్కడ మిగతా సిబ్బంది పరిధి వేరుగా ఉంటుంది. అందువల్ల మీరు పనిచేయదలచుకున్న దేశంలో ఏ పద్ధతి ఉందో, నమోదు చేసే సంస్థ ఏదో ముందుగా తెలుసుకోండి. ఆ సంస్థ గుర్తించని సర్టిఫికెట్ ఎంత ఆకర్షణీయంగా ఉన్నా దానికోసం డబ్బు కట్టవద్దు.

నేరుగా పారామెడిక్ కోర్సులో చేరే వీలున్నా, ముందు ఈఎంటీగా కొంతకాలం పనిచేయడమే మేలని నా గట్టి అభిప్రాయం. బీపీ చూడటం, స్ట్రెచర్‌ను ఇరుకు మెట్ల మీదుగా దించడం, కంగారుపడుతున్న బంధువులతో మాట్లాడి విషయం రాబట్టడం చేతికి అలవాటైపోతే, పెద్ద నిర్ణయం తీసుకోవలసిన క్షణంలో మనసు వాటి మీదికి పోదు. అలా కాకుండా పైమెట్టు నుంచి మొదలుపెట్టినవారు అన్నిటినీ ఒకేసారి నేర్చుకోవలసి వస్తుంది, ఆ భారం రోగి మీద పడుతుంది.

శిక్షణా సంస్థను ఎంచుకునేటప్పుడు భవనాన్ని, పరికరాలను చూసి తృప్తిపడకూడదు. మొత్తం గంటల్లో తరగతి గదికి ఎన్ని, ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగానికి ఎన్ని, అంబులెన్స్‌లో అసలు డ్యూటీకి ఎన్ని అని అడగండి. అంబులెన్స్‌లో విద్యార్థి పక్కన అనుభవజ్ఞుడైన పారామెడిక్ ఉంటారా, లేక ఖాళీని నింపడానికి విద్యార్థినే సిబ్బందిగా లెక్కిస్తారా అన్నది అంతకంటే ముఖ్యమైన ప్రశ్న. శ్వాసగొట్టం అమర్చడం బొమ్మ మీదే నేర్పుతారా, ఆపరేషన్ థియేటర్‌లో మత్తుమందు డాక్టరు పర్యవేక్షణలో నిజమైన రోగుల మీద కూడా అభ్యాసం ఉంటుందా అనీ అడగండి. వీటికి సూటిగా జవాబివ్వని సంస్థను వదిలేయడం మంచిది.

కోర్సులో చేరే ముందే సాధన మొదలుపెట్టదగినది సీపీఆర్. పెద్దవారికి నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5 నుంచి 6 సెంటీమీటర్ల లోతుకు ఛాతీని నొక్కాలి. నొక్కిన ప్రతిసారీ ఛాతీ పూర్తిగా పైకి లేచేదాకా బరువు వదలాలి. కొత్తవారు ఎక్కువగా తప్పేది ఈ వదలడంలోనే, ఎందుకంటే అలసిపోయిన చేతులు తెలియకుండానే ఛాతీ మీద వాలిపోతాయి. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలన్న నియమం అందుకే ఉంది. నాడి కోసం వెతకడానికి పది సెకన్లకు మించి వెచ్చించకూడదు.

రోగిని పరీక్షించే క్రమం కూడా ఇలాగే ఒంటికి పట్టాలి. ధారగా కారుతున్న రక్తం, శ్వాసమార్గం, శ్వాస, రక్తప్రసరణ, స్పృహ, ఆ తరువాత బట్టలు తొలగించి ఒళ్లంతా చూడటం. కాలు వంకరపోయి భయంకరంగా కనిపిస్తున్నా, ఊపిరి అందని విషయాన్ని ముందు పట్టించుకోవడం ఈ క్రమం వల్లే సాధ్యమవుతుంది. ఆసుపత్రిలో రోగిని అప్పగించేటప్పుడూ వయసు, ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది, ఏ గాయాలు కనిపించాయి, నాడి, బీపీ ఎంత ఉన్నాయి, ఏ చికిత్స చేశాం అన్నది ఒక నిమిషంలోపే వరుసగా చెప్పగలగాలి. ఇచ్చిన మందు పేరు, మోతాదు, సమయం అక్కడ చెప్పకపోతే అదే మందు మళ్లీ ఇచ్చే ప్రమాదం ఉంది.

బరువులు ఎత్తడం వల్ల నడుము దెబ్బతినడం ఈ వృత్తిలో చాలామందిని బాధించే సమస్య కనుక శరీరాన్ని ముందే సిద్ధం చేసుకోవాలి. హెపటైటిస్ బి టీకా, డ్రైవింగ్ లైసెన్స్ కూడా చాలాచోట్ల అడుగుతారు. వాహనం ఎక్కకుండానే పనిచేయాలనుకునేవారికి కంట్రోల్ రూమ్ ఉద్యోగాలున్నాయి. అంబులెన్స్ చేరేలోపు ఫోన్‌లోనే సీపీఆర్ చేయించే డిస్పాచర్ ఆ రోగికి అందే తొలి సహాయం.

కొన్నేళ్ల అనుభవం తరువాత హెలికాప్టర్ అంబులెన్స్, క్రిటికల్ కేర్, బోధన వైపు వెళ్లవచ్చు. అక్కడ గుండె ఆగినవారికి చేసే ఉన్నతస్థాయి చికిత్స నేర్పే ఏసీఎల్ఎస్ వంటి కోర్సులు అవసరమవుతాయి. ఆ సర్టిఫికెట్‌ను రెండేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. వేరే దేశానికి వెళ్తే సర్టిఫికెట్ దానంతటదే చెల్లదు. శిక్షణలో చేసిన గంటలకు, ప్రక్రియలకు రుజువు అడుగుతారు కాబట్టి, పర్యవేక్షకుల సంతకాలున్న లాగ్‌బుక్ పేజీలను మొదటి రోజునుంచే నకళ్లు తీసి దాచుకోండి.