పాత టీవీ బాగు చేయించాలా, కొత్తది కొనాలా? తేల్చుకునే ముందు జాగ్రత్తలు

ముందే టీవీని అనుమానించకండి. వేరే ప్లగ్గులో పెట్టి చూడండి. రిమోట్ సెల్స్, హెచ్‌డీఎంఐ కేబులు, పోర్టు మార్చి చూడండి. టీవీ సొంత మెనూ శుభ్రంగా కనబడుతుంటే లోపం చాలావరకు బయటి బాక్సుదో, కేబులుదో.

మాట వస్తూ బొమ్మ రాకపోతే ఈ పరీక్ష తప్పక చేయండి. గదిలో లైట్లు ఆర్పి, టీవీ ఆన్‌లో ఉండగా టార్చిని తెరకు బాగా దగ్గరగా, ఏటవాలుగా పట్టండి. మసకగా బొమ్మ కదులుతుంటే పోయింది తెరకు వెనక నుంచి వెలుగునిచ్చే ఎల్‌ఈడీ బ్యాక్‌లైటే. ఇది బాగు చేయించదగ్గది. అయితే ఒక్క బల్బు కాదు, బల్బులున్న స్ట్రిప్పులన్నీ (పట్టీలన్నీ) మార్చమనండి. మిగతావీ అన్నేళ్లూ అదే వేడిలో మగ్గినవే, ఒకటొకటిగా పోతాయి.

మెకానిక్ తెరిచి చూసినప్పుడు పవర్ బోర్డులో కెపాసిటర్ (కరెంటును నిల్వ ఉంచే భాగం) ఉబ్బి కనబడితే అది చిన్న పనే.

తెర పగిలినా, సిరా ఒలికినట్టు నల్లమచ్చ పాకుతున్నా ప్యానెల్, అంటే బొమ్మ చూపే తెర భాగమే, పోయినట్టే. ప్యానెల్ ఖర్చు చాలాసార్లు కొత్త టీవీకి దగ్గరగా వస్తుంది, ఆశ వదులుకోండి.

- వెనక మూత మీరు తీయొద్దు. ప్లగ్ పీకినా పెద్ద కెపాసిటర్‌లో 300 వోల్టులకు పైగా నిలిచి ఉండొచ్చు. పాత డబ్బా టీవీ పిక్చర్ ట్యూబులో 20,000 కూడా దాటొచ్చు. ప్రాణాల మీదికొస్తుంది.
- వెనక లేబుల్‌ను ఫోటో తీయండి. మోడల్ నంబరు లేకుండా చెప్పే ధర ఊహే.
- ఖర్చు, గ్యారంటీ రాయించుకోండి. మార్చిన పాత భాగం అడిగి తీసుకోండి.
- బాగు ఖర్చు అదే సైజు కొత్త టీవీ ధరలో సగం దాటితే బాగు చేయించకండి.
- స్మార్ట్ టీవీ ఇచ్చేసేముందు ఖాతాలన్నీ లాగౌట్ చేయండి. తెర పనిచేయకపోతే ఫోన్ నుంచి ఆ డివైజును తొలగించండి.