ఇంగ్లీషులో వ్యతిరేక ప్రశ్నలు: తప్పు ఎక్కడ పుడుతోంది, ఎలా సరిదిద్దాలి

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ ప్రాంతాల తెలుగు పిల్లలు ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా మాట్లాడి, "రాలేదా?", "తెలియదా?" వంటి వ్యతిరేక ప్రశ్నను ఇంగ్లీషులో అడిగేటప్పుడు దానిని ఆ రెండు భాషల అచ్చులోనే పోస్తారు. వారి తప్పులకు అశ్రద్ధ కంటే ఈ అలవాటే ఎక్కువగా కారణమని నా అభిప్రాయం. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉంటూ, సవర గిరిజనులు మాట్లాడే తీరును విని వారి భాషకు వ్యాకరణం రాశారు. మనం కూడా పిల్లల నోటి మాట నుంచే బయలుదేరడం మంచిది.

సమస్య: జవాబు తారుమారు కావడం

వైద్యుడు "హావెంట్ యు టేకెన్ ద టాబ్లెట్?" అని అడిగితే, మాత్ర వేసుకోని రోగి "యెస్" అంటాడు. రోగి వేసుకున్నాడనే వైద్యుడు అనుకుంటాడు. అన్ని తప్పుల్లోకీ ప్రమాదకరమైనది ఇదే.

కారణం మన "అవును"లో ఉంది. "మాత్ర వేసుకోలేదా?" అన్నప్పుడు "అవును, వేసుకోలేదు" అంటాం, ఆ "అవును" అడిగినవారి మాటను ఒప్పుకోవడం. ఇంగ్లీషులో "యెస్" గానీ "నో" గానీ అడిగినవారి మాటను పట్టించుకోవు, జరిగిన విషయాన్నే చెబుతాయి.

ప్రశ్నలోని వ్యతిరేకాన్ని వేలితో మూసి, "హావ్ యు టేకెన్ ద టాబ్లెట్?" అని అడిగినట్లే భావించి జవాబివ్వాలి. వేసుకోకపోతే "నో, ఐ హావెంట్". వేసుకుంటే "యెస్, ఐ హావ్". ఒంటి మాటతో ఆపకుండా ఈ రెండో భాగాన్ని కూడా పలికించే అలవాటు చేస్తే పొరపాటు అక్కడికక్కడే బయటపడుతుంది.

సమస్య: "డజంట్ హర్ నో?", "డిడ్ నాట్ యు కమ్?"

మొదటిది సర్వనామపు తప్పు. తెలుగులో "ఆమెకు తెలియదా?" అంటాం, ఒడియాలో "మోతె జణా నాహిఁ" అంటే "నాకు తెలియదు". రెండింటిలోనూ తెలిసిన మనిషికి "కు" అర్థమిచ్చే రూపమే వస్తుంది కాబట్టి, పిల్లవాడు "హర్" రాస్తాడు. ఇంగ్లీషులో ఆ మనిషే కర్త, కనుక "డజంట్ షి నో?" అనాలి.

రెండవది వరుసకు సంబంధించిన తప్పు. తెలుగులో వ్యతిరేకం క్రియలోనే కలిసిపోతుంది, ఒడియాలో "తుమె ఆసిల నాహిఁ కి?" అన్నట్లు క్రియ తరువాత వస్తుంది. ఇంగ్లీషులో కుదించిన రూపమైతే సహాయక క్రియను అంటిపెట్టుకుని సర్వనామానికి ముందుకు వెళుతుంది: "డిడంట్ యు కమ్?" విడి "నాట్" అయితే సర్వనామం దాటి వెనుక నిలుస్తుంది: "డిడ్ యు నాట్ కమ్?" ఈ రెండో రూపం కొంత గంభీరంగా వినిపిస్తుంది. "ఐ" విషయంలో మాత్రం "ఆరెంట్ ఐ?" లేదా "ఆమ్ ఐ నాట్?" అనాలి.

సమస్య: "డిడంట్ నోబడీ కమ్?", "హావెంట్ యు నెవర్ సీన్ మహేంద్రగిరి?"

మన "ఎవరూ", "ఏమీ", "ఎప్పుడూ" అనే మాటల్లో వ్యతిరేకం లేదు. అది "రాలేదా", "చూడలేదా" అనే క్రియలోనే ఉంది. "నోబడీ", "నెవర్" మాటలు మాత్రం వ్యతిరేకాన్ని తమలోనే మోస్తాయి కాబట్టి, ప్రామాణిక ఇంగ్లీషులో క్రియకు మళ్లీ దానిని తగిలించకూడదు. ప్రశ్నలో "ఎవరూ"కు "ఎనీబడీ", "ఎప్పుడూ"కు "ఎవర్" జత చేసి నేర్పితే సరిపోతుంది: "డిడంట్ ఎనీబడీ కమ్?", "హావెంట్ యు ఎవర్ సీన్ మహేంద్రగిరి?" "హావ్ యు నెవర్ సీన్" అన్నా సరైనదే. ఇక "డిడంట్ సమ్‌బడీ కాల్?" అనడం తప్పు కాదు, ఎవరో పిలిచారన్న నమ్మకంతో, అవునన్న జవాబును ఆశించి అడిగే ప్రశ్న అది.

సమస్య: "హాజంట్ ద ట్రైన్ స్టిల్ కమ్?"

గుణుపురం బండి కోసం ఎదురుచూస్తూ "ఇంకా రాలేదా?" అనుకునే మనకు "స్టిల్", "యెట్" రెండూ "ఇంకా"యే. ఇలాంటి ప్రశ్నలో "యెట్"ను చివర పెట్టాలి: "హాజంట్ ద ట్రైన్ కమ్ యెట్?" "స్టిల్"ను ప్రకటన వాక్యంలో, వ్యతిరేకానికి ముందు ఉంచాలి: "ద ట్రైన్ స్టిల్ హాజంట్ కమ్." "కూడా" విషయంలోనూ ఇలాంటి చీలికే ఉంది. ఆమె కూడా వస్తోందనుకుని నిర్ధారించుకోవడానికి "ఈజంట్ షి కమింగ్ టూ?" అనాలి, అతను రావడం లేదని తెలిశాక, ఆమె కూడా రావడం లేదా అని అడిగేటప్పుడు "ఈజంట్ షి కమింగ్ ఐదర్?" అనాలి.