వానల్లో బండి మీద చవక జీపీఎస్: నెల్లూరు, ప్రకాశం రోడ్ల మీద జాగ్రత్తలు

మిగతా రాష్ట్రంలో వానలు వెనకపట్టే వేళకి మనకి అసలు వానాకాలం మొదలవుతుంది. నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే కురుస్తుంది. బండి మీద ఊళ్ళు తిరిగే ఉద్యోగాలకి మాత్రం ఈ మూడు నెలలూ సెలవేమీ ఉండదు. రొయ్యల మేత వాళ్ళు, మందుల రెప్పులు, ఫైనాన్సు కలెక్షన్ కుర్రాళ్ళు ముసురులోనూ తిరగాల్సిందే. వాళ్ళలో కొందరు ఫోను జేబులో దాచేసి, సెకండ్ హ్యాండులో దొరికిన పాత కారు జీపీఎస్ పెట్టెని హ్యాండిల్ మీద బిగించుకుంటున్నారు. ఆలోచన మంచిదే. మ్యాపు మెమరీలోనే ఉంటుంది కాబట్టి తుపానుకి టవర్లు పడిపోయినా అది నడుస్తుంది. పాత రకం తెర కాబట్టి గ్లోవ్స్ వేసుకుని నొక్కినా పనిచేస్తుంది. పైగా పెద్ద ఇంజన్ల అదురుకి ఫోను కెమెరా చెడొచ్చని ఆపిల్ కంపెనీయే 2021లో హెచ్చరించింది. లక్ష రూపాయల ఫోను అదరడం కంటే రెండు మూడు వేల పెట్టె అదరడం నయం.

కానీ ఆ పెట్టెకి రోడ్డు ఎక్కడుందో మాత్రమే తెలుసు. రోడ్డు మీద నీళ్ళున్నాయో, కల్వర్టు కోసుకుపోయిందో దానికి తెలియదు. మీరెక్కడున్నారో అడిగితే నమ్మదగ్గ జవాబు చెబుతుంది. ఎటు పోవాలో అడిగితే, ఈ మూడు నెలలూ అది చెప్పింది సలహాగా మాత్రమే తీసుకోవాలి.

కొన్నప్పుడు, బిగించేటప్పుడు

పాత యూనిట్ కొంటే ముందు చూడాల్సింది తారీఖు. జీపీఎస్ ఉపగ్రహాలు వారాలని 1024 దాకా లెక్కపెట్టి మళ్ళీ సున్నా నుంచి మొదలుపెడతాయి. 2019 ఏప్రిల్ 6న అలా ఒకసారి తిరిగింది. అప్‌డేట్ అందని పెట్టెలు అప్పటి నుంచి ఇరవై ఏళ్ళ వెనకటి తారీఖు చూపిస్తాయి. చోటు సరిగ్గానే చూపించినా, ఉపగ్రహాలని వెతుక్కోవడానికి చాలాసేపు తీసుకోవచ్చు. మ్యాపు ఎంత పాతదో తెలుసుకోవడానికి ఇంకో తేలిక దారి ఉంది: కావలి దగ్గర హైవే మీద వేలు పెట్టి చూడండి. ఎన్‌హెచ్ 5 అని కనిపిస్తే ఆ మ్యాపు 2010 లోపుది, లేదా ఆ తర్వాత కూడా సరిచెయ్యనిది. ఇప్పుడది ఎన్‌హెచ్ 16. అలాంటి మ్యాపులో కొత్త బైపాసులు, ఫ్లైఓవర్లు ఉండవు. మీరు కొత్త బైపాసు మీద పోతుంటే బాణం గుర్తు పొలాల్లో ఈదుతుంటుంది.

మబ్బు పడితే జీపీఎస్ పనిచెయ్యదని చాలామంది అంటారు. అది నిజం కాదు. ఆ సిగ్నల్‌కి మబ్బూ వానా పెద్ద అడ్డం కావు. రేకుల షెడ్డు, ఫ్లైఓవరు కింద, దట్టమైన తడి చెట్ల కింద మాత్రం ఇబ్బంది పెడుతుంది. ఫోనైతే ఉపగ్రహాల వివరాలు నెట్ నుంచి క్షణంలో తెచ్చుకుంటుంది. ఈ పెట్టె వాటిని 20,200 కిలోమీటర్ల ఎత్తు నుంచి వచ్చే సన్నటి సిగ్నల్ లోంచే దించుకోవాలి. చాలా రోజులు వాడకుండా పెట్టినదైతే పది పన్నెండు నిమిషాలు కూడా పట్టొచ్చు. అందుకని షెడ్డులో ఆన్ చేసి వెంటనే కిక్కు కొట్టకండి. ఆరుబయట నిలబెట్టి, అది చోటు పట్టుకున్నాకే కదలండి. మన పొరుగున శ్రీహరికోట నుంచి 2013 జూలై 1న మన దేశపు సొంత జీపీఎస్ లాంటి నావిక్ వ్యవస్థ మొదటి ఉపగ్రహం పైకి పోయినా, ఆ సిగ్నల్ ఈ పాత పెట్టెల చెవిన పడదు.

ఇక కరెంటు సంగతి. ఈ పెట్టెలకి 5 వోల్టులు కావాలి, బండి నడిచేటప్పుడు బ్యాటరీ దగ్గర 14 వోల్టులు దాటుతుంది. నేరుగా కలిపితే పెట్టె చచ్చిపోతుంది. 12 నుంచి 5కి దించే కన్వర్టరు, కనీసం 2 ఆంపియర్లది, సీలు వేసినది తీసుకోండి. కీ ఆన్ చేస్తేనే కరెంటు వచ్చే వైరు నుంచి లాగమని ఎలక్ట్రీషియన్‌కి గట్టిగా చెప్పండి. లాగిన చోటే చిన్న ఫ్యూజు పెట్టించండి. వంద సీసీ బళ్ళలో ఉండేది మూడు నాలుగు ఆంపియర్ అవర్ల బుల్లి బ్యాటరీ. నేరుగా తగిలించి నాలుగు రోజులు ముసురుకి బండి బయటికి తియ్యకపోతే, ఐదో రోజు సెల్ఫ్ కొట్టదు. కేబులు కూడా దాంతో వచ్చిన కారు కేబులే వాడాలి. మామూలు డేటా కేబులు గుచ్చితే కొన్ని పెట్టెలు తమని కంప్యూటరుకి కలిపారనుకుని మ్యాపు మూసేస్తాయి.

వైరు పోయే తీరు మీద కాస్త మనసు పెట్టాలి. వాన నీళ్ళు పైనుంచి పెట్టెలోకి దూరడం తక్కువ, వైరు వెంట జారి పిన్ను లోపలికి పోవడమే ఎక్కువ. అందుకని వైరుని పిన్ను కంటే నాలుగు వేళ్ళ కిందికి వేలాడేలా వదిలి, అక్కణ్ణించి పైకి తెచ్చి గుచ్చండి. వైరు వెంట వచ్చిన చుక్క ఆ వంపు దగ్గర ఆగి కింద రాలిపోతుంది. పిన్ను చుట్టూ కాస్త వాజలీన్ రాయండి. పిన్నులో తడి ఉండగా కరెంటు నడిస్తే రెండు రోజుల్లో పచ్చగా చిలుము పడుతుంది, ఆ తర్వాత చార్జింగ్ ఒకసారి ఎక్కుతుంది, ఒకసారి ఎక్కదు.

కారు కోసం చేసిన పెట్టె వాటర్‌ప్రూఫ్ కాదు. అంగళ్ళలో దొరికే జిప్పు సంచిలో పెట్టొచ్చు గానీ, వాన వెలిసి ఎండ కాస్తే అదే సంచి లోపల ఉడుకుతుంది, బ్యాటరీ ఉబ్బుతుంది. ఎండ రాగానే సంచి నోరు తెరవండి. హోల్డరు కింద పాత ట్యూబు ముక్క రెండు చుట్లు చుట్టి బిగిస్తే అదురు తగ్గుతుంది, జారదు. బిగించాక హ్యాండిల్ రెండు వైపులా చివరి దాకా తిప్పి చూడండి. క్లచ్ వైరు గానీ బ్రేక్ వైరు గానీ హోల్డరుకి తట్టుకుంటే అప్పటికప్పుడే చోటు మార్చండి. అదనంగా ఒక తాడో ట్యాగో కట్టి ఉంచండి, గుంతలో దబ్‌మన్నప్పుడు పెట్టె ఎగిరిపోకుండా ఉంటుంది. టీ కొట్టు దగ్గర ఆగితే ఊడదీసి జేబులో వేసుకోండి, ఇంకేం చెప్పక్కర్లేదు.

దారి ఎన్నుకునేటప్పుడు

సెట్టింగుల్లో దగ్గరి దారి, త్వరగా చేరే దారి అని రెండుంటాయి. వానల్లో దగ్గరి దారి అనేదాన్ని మర్చిపోండి. ఇందుకూరుపేట, ముత్తుకూరు, అల్లూరు, విడవలూరు వైపు దగ్గరి దారి అంటే చాలాసార్లు కాలువ గట్టో, రొయ్యల గుంటల మధ్య కట్టో. మ్యాపులో అదీ గీతే, ఇదీ గీతే. ఎండాకాలంలో ట్రాక్టరు పోయే ఆ కట్ట వానకి సబ్బులా జారుతుంది. రెండు పక్కలా ఆరడుగుల నీళ్ళు, బండి తిప్పుకునే చోటు ఉండదు. ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడిలో మట్టి రోడ్డెక్కితే ఇంకో తంటా: బురద మడ్గార్డులో ఇరుక్కుని చక్రమే తిరగదు. మట్టి రోడ్లు వద్దనే ఆప్షను ఉంటే పెట్టండి. ఉన్నా పూర్తిగా నమ్మకండి, మన వైపు ఏది తారు ఏది మట్టి అన్నది పాత మ్యాపులకి సరిగ్గా తెలియదు.

చీమకుర్తి మీదుగా పొదిలి, మార్కాపురం పోయేవాళ్ళకి బురద కంటే గ్రానైటు లారీల భయం ఎక్కువ. టైర్లకి అంటుకొచ్చిన రాతి పొడి తొలి జల్లుకి తారు మీద పల్చటి పేస్టులా పరుచుకుంటుంది. అక్కడ తెర వైపు చూడనే చూడకండి. దోర్నాల దాటి శ్రీశైలం వైపు అడవి రోడ్డుకైతే వేళ కూడా చూసుకోవాలి. రాత్రిళ్ళు అటవీశాఖ చెక్‌పోస్టు గేటు వేసేస్తారు. పెట్టె మాత్రం అర్ధరాత్రి అడిగినా ఆ దారే చూపిస్తుంది.

ఊరి పేరు కొట్టి వెతికేటప్పుడు స్పెల్లింగు ఒక తలనొప్పి, ఒకే పేరు మీద నాలుగు ఊళ్ళుండటం ఇంకో తలనొప్పి. రామాపురాలు, కొత్తపల్లెలు ప్రతి మండలంలో ఉంటాయి. మండలం పేరు చూడకుండా మొదటిది నొక్కితే ఎక్కడికో తీసుకుపోతుంది. అక్షాంశ రేఖాంశాలు కొట్టడం మేలే, కానీ అవి ఏ లెక్కలో ఉన్నాయో ముందు చూసుకోండి. నెల్లూరు అక్షాంశం 14.44 డిగ్రీలు. పెట్టె డిగ్రీలు, నిమిషాల లెక్కలో ఉండగా దాన్నే 14 డిగ్రీల 44 నిమిషాలుగా కొడితే గురి ముప్పై కిలోమీటర్లు పైగా ఉత్తరానికి జరుగుతుంది. నెల్లూరు పోవాల్సినవాళ్ళు బిట్రగుంట దారి పడతారు.

గుర్తు పెట్టుకోవాల్సింది ఇంకొకటుంది: మీ దారిలో ఎక్కడెక్కడ చప్టాలు, అంటే వాగు నీళ్ళు రోడ్డు మీదుగానే పారే పల్లపు చోట్లు, ఉన్నాయో వానలకి ముందే తిరిగి చూసి, ఒక్కొక్కటీ పెట్టెలో సేవ్ చేసుకోండి. చప్టా 1, చప్టా 2 అని పేరు పెట్టినా చాలు. రాత్రి వానలో రోడ్డు దిగుడు మొదలయ్యేదాకా చప్టా ఉందని తెలియదు. ముందే గుర్తు పెట్టుకుంటే తెర మీద అర కిలోమీటరు ముందే కనిపిస్తుంది. ఈ పెట్టె ఈ కాలంలో చేయగల గొప్ప సాయం ఇదేనని నా అభిప్రాయం.

మన ఏర్లు ఇక్కడి వానతోనే పొంగవు. పెన్నకి నీళ్ళు కడప వైపు నుంచి, గుండ్లకమ్మకి నల్లమల నుంచి వస్తాయి. 2021 నవంబరులో కడప జిల్లాలో, పెన్నలో కలిసే చెయ్యేటి మీద అన్నమయ్య డ్యాము తెగింది. ఆ రోజుల్లోనే పెన్న పొంగి, కోవూరు దగ్గర పడుగుపాడులో రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది, పక్కన జాతీయ రహదారి మీద కూడా రాకపోకలు ఆగాయి. అంత పెద్ద హైవే మూతపడ్డ రోజు కూడా మన పెట్టె తిన్నగా పొమ్మనే గీత గీసి ఉండేది. అందుకని బయల్దేరే ముందు పెన్న మీది సోమశిల డ్యాము గేట్లు ఎత్తారా లేదా అన్నది తెలుసుకోవాలి. అది పేపర్లో వస్తుంది, ఫోనులో వస్తుంది, టీ కొట్లో ఇంకా ముందే వస్తుంది.

ఒకసారి లింగసముద్రం వైపు పోతుంటే, తెర మీద గీత నిక్కచ్చిగా ముందుకే ఉంది. నాలుగు వందల మీటర్లలో చప్టా. గట్టు మీద బర్రెల్ని తోలుకుంటూ గోనెసంచి కప్పుకున్న పెద్దాయన చెయ్యెత్తి ఆపాడు. "యాడికబ్బయ్యా? అటు పోబాక. ఇందాకే ఓ ట్రాక్టరు ఎనక్కి తిరిగింది. అంచు రాళ్ళు కూడా మునిగిపోయినాయి." పోయి చూస్తే నిజమే. నీళ్ళు మోకాలి కిందే ఉంటాయనిపించింది, కానీ చప్టా అంచున తెలుపూ నలుపూ రంగు రాళ్ళలో ఒక్కటీ కనబడలేదు. రాళ్ళు కనబడకపోతే రోడ్డు ఎక్కడ ముగుస్తుందో తెలియదు, కింద తారు ఉందో కోసుకుపోయిందో అంతకన్నా తెలియదు. పారే నీళ్ళు అడుగు లోతున్నా బండిని పక్కకి నెట్టేస్తాయి. కందుకూరు మీదుగా తిరిగి వెళ్ళాల్సొచ్చింది. బర్రెలాయన లాంటివాళ్ళు చెప్పేది, పెట్టె చెప్పేది వేరైతే, బర్రెలాయన మాటే వినండి.

పోయేటప్పుడు

హెల్మెట్ లోంచి, వాన చప్పుడులో, ఈ చవక పెట్టెల స్పీకరు వినబడదు. వినడానికి ఇయర్‌ఫోన్లు పెట్టుకోవద్దు, వెనకొచ్చే లారీ హారను వినబడటం ముఖ్యం. మలుపులు కాగితం మీద రాసి ట్యాంకుకి టేపుతో అంటించుకోవడం పాత పద్ధతే అయినా బాగా పనిచేస్తుంది: బుచ్చి, సంగం, ఆత్మకూరు, అక్కడ ఎడమ. మోటారు వాహనాల నిబంధనలు 2020 అక్టోబరు నుంచి ఫోనుని దారి చూసుకోవడానికి మాత్రం వాడుకోనిస్తున్నాయి, అదీ నడిపేవాడి ధ్యాస చెదరకుండా. పెట్టె విషయంలోనూ అదే పద్ధతి. ఏదైనా టైపు చెయ్యాలంటే బండి ఆపి, రోడ్డు దిగి చెయ్యండి.

హైవే మీద ఇంకో చిక్కుంది. ఆరుబయట కూడా ఈ పెట్టెల గురి ఐదు నుంచి పది మీటర్లు అటూ ఇటూ ఉంటుంది. మీరు సర్వీసు రోడ్డు మీదున్నారో, మెయిన్ రోడ్డు మీదున్నారో అది చెప్పలేదు. దాంతో మలుపు దాటిపోయాక వెనక్కి తిరగమని గోల చేస్తుంది. సింగరాయకొండ దగ్గర గానీ కావలి దగ్గర గానీ ఆ మాట విని రాంగ్ రూట్లో వచ్చారంటే ఎదురుగా వచ్చేది ఆక్వా లారీయే. ముందుకే పోండి, తర్వాతి కట్ దగ్గర తిరగండి. నాలుగు కిలోమీటర్ల పెట్రోలు ఎంతని!

ఎక్కడైనా ఇరుక్కుపోతే ముందు పెట్టెలో నేనెక్కడున్నాను అనే పేజీ తెరవండి. అక్కడి అంకెలు 112కి, 108కి చదివి వినిపిస్తే ఊరి పేరు తెలియకపోయినా వెతికి రాగలరు. మీ సిమ్‌కి సిగ్నల్ లేకపోయినా, వేరే కంపెనీ టవరు అందితే 112 కాల్ వెళ్ళే వీలుంది.

పెట్టెలోకి నీళ్ళు పోయాయనిపిస్తే ఆన్ చేసి చూడాలన్న ఆత్రం ఆపుకోండి. వైరు పీకెయ్యండి, కార్డు తియ్యండి, బ్యాటరీ ఊడే రకమైతే ఊడదియ్యండి. బియ్యం డబ్బాలో పాతిపెడితే పొడి లోపలికి పోవడం తప్ప పెద్ద ఉపయోగం లేదు. పిన్ను కిందికి ఉండేలా నిలబెట్టి, ఫ్యాను గాలికి రెండు రోజులు ఆరనివ్వండి. ఈ రెండు రోజులూ కాగితం మీద రాసుకున్న మలుపులతోనే తిరగాలి.